కార్పొరేటరమ్మ నైటీ

మా నాచారం గల్లీల్లో నడుము లోతు నీళ్లు నిలబడి, మంచాలు మిద్దెల మీదికి ఎక్కించిన వరద వచ్చాక నాలుగో ఎండాకాలం అది. ఆ వరద నీళ్లు ఆరీ ఆరకముందే ఎలక్షన్లు వచ్చాయి. మా వార్డు ఆడవాళ్లకు ఇచ్చారు. వరదలో ఇంటింటికీ అన్నం పొట్లాలు మోసిందని మా కోడలు చంద్రికను నిలబడమన్నారు. నిలబడింది. గెలిచింది.

నా కొడుకు తిరుపతి మల్లాపూర్‌లో షిఫ్టు పని మానలేదు. నేను ఇస్త్రీ బండి మానలేదు. కార్పొరేటర్ మామవు, ఇంకా ఈ బొగ్గులెందుకు అని కొందరు అడిగారు. బట్టలు ఇటివ్వండి అన్నాను.

చంద్రిక మీటింగు చీరలకు గంజి పెట్టేది నేనే. మడత కత్తిలాగా నిలబడేది. ఆ చీర కట్టుకుని ఆమె కారెక్కుతుంటే మా ఆవిడ రాములమ్మ గడపలో నిలబడి చూసేది. నేను బండి దగ్గర నుంచి చూసేవాణ్ణి.

ఒక రోజు తెల్లారుతుండగా తారామణి వచ్చి తలుపు కొట్టింది. వెనక గల్లీలో ఇడ్లీలు అమ్ముతుంది. ఆమె మెల్లగా మాట్లాడినా రోడ్డు దాకా వినపడుతుంది. నల్లా పైపు పగిలి నీళ్లన్నీ మోరీలోకి పోతున్నాయని చెప్పింది. చంద్రిక లేచింది లేచినట్టే, నైటీ మీద తువాల వేసుకుని పోయింది. మా దిక్కు ఆడవాళ్లు పాల పాకెట్‌కు గల్లీ చివరి దాకా అట్లాగే పోతారు. భుజాల మీద తువాల ఉంటే నిండుగా బట్ట కట్టుకున్నట్టే లెక్క. ఆ నైటీలోనే బురదలో నిలబడి, పైపు అతికేదాకా పనివాళ్లను కదలనీయలేదు.

ఎవరో ఫోటో తీశారు.

మధ్యాహ్నానికి అది కాలనీ గ్రూపులన్నిట్లో తిరిగింది. నేను ఫోన్ చూడను. బట్టలు తెచ్చినవాళ్లే చెప్పారు. వార్డంటే వంటిల్లనుకుందా అని ఒకరు రాశారట. మగ లీడర్లు లుంగీల్లో కూర్చుని సంతకాలు పెడితే ఎవరూ అడగరేం అని ఇంకొకరు రాశారట. ఆ ముచ్చట ఉప్పల్ దాకా పోయిందట.

సాయంత్రం గంగాధరరావు సార్ చొక్కాలు తెచ్చాడు. గోదావరి జిల్లా మనిషి. ఎప్పుడో బ్యాంకు పని మీద వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఎదురు అపార్ట్‌మెంట్లకు ఆయనే పెద్ద. నోరు జారే మనిషి కాదు.

"సాంబయ్యా, మీ కోడలు మంచిది. అందుకే చెబుతున్నాను. రేపు ఇంజనీరు ముందు ఆవిడ అలా నిలబడితే, వాడు ఆవిడ మాటకి ఇచ్చే విలువ తగ్గుతుంది. తగ్గేది ఆవిడ ఒక్కదాని విలువ కాదు, మనందరిదీ."

నేను కాలరు మీద నీళ్లు చల్లాను. ఆయన మాటలో తప్పు వెతికాను. దొరకలేదు. అట్లాగని మనసు ఒప్పుకోలేదు.

ఆ రాత్రి చంద్రిక అన్నం కలిపి ఊరికే కూర్చుంది. రాములమ్మ అడిగితే అప్పుడు చెప్పింది.

"అత్తా, ఇగ నేను పొద్దుగాల బయటికి పోను. తానం జేసి, చీర కట్టుకొని, పది గంటలకు వార్డు ఆఫీసుల కూసుంట. పనున్నోళ్లు ఆడికే రావాలె."

"పది దాంక నీళ్లు ఆగుతయా?"

"ఆగకపోతే ఆగకపోనీ."

తింటున్నంతసేపు నవ్వుతూ ఏదో ఒకటి చెప్పే పిల్ల అది. కంచం తీసి లేచిపోయింది. ఆమె గడప దాటకపోతే ఈ గల్లీలు తెల్లారి ఎవరి తలుపు కొట్టాలి? నాకు అదే ఫికరు.

అన్నట్టే చేసింది. తారామణి పొద్దున్నే వచ్చి వాకిట్లో నిలబడేది. లోపల తయారవుతుందని రాములమ్మ చెప్పేది. కాసేపు చూసి పోయేది. ఇడ్లీ బేరం ఆగదు కదా.

ఆ వారమే నల్లాలు బంద్ అయ్యాయి. ఫోన్ల మీద ఫోన్లు చేసి చంద్రిక ఒక ట్యాంకర్ ఇప్పించింది. తెల్లారి వస్తుందన్నారు. ట్యాంకర్ దగ్గర మనిషి లేకపోతే బిందెల కాడ కొట్లాటే. ఆమె పోక తప్పలేదు. చీకట్లోనే లేచి స్నానం చేసింది. నేను గంజి పెట్టిన నీలం చీర తీసింది. పిన్నులు పెట్టుకుంది, గాజులు మార్చుకుంది. నేను ముందే పోయి బండిలో బొగ్గులు రాజేస్తున్నాను. అందుకే జరిగినదంతా చూశాను.

ట్యాంకర్ వచ్చింది. ఆడవాళ్లంతా నైటీల మీద తువాలలతో వరుస కట్టారు. గంగాధరరావు సార్ కూడా బనీను, లుంగీతో బకెట్ పట్టుకుని నిలబడ్డాడు. డ్రైవర్ పైపు కిందికి లాగాడు. అప్పుడే చంద్రిక మూల మలుపు తిరిగి వచ్చింది. కుచ్చిళ్లు ఒక్కటి చెదరలేదు.

ముందు చూసింది తారామణి.

"వామ్మో, ఇయ్యాల ఫోటోలున్నయే. ఎవలో పెద్ద లీడరు వస్తుండు. సూడుండ్రి, చంద్రికక్క ఎట్ల తయారై వచ్చిందో."

అంతే. మా దగ్గర లీడర్లు పొద్దున్నే మడత నలగని బట్టల్లో వచ్చారంటే రిబ్బను కత్తిరించడానికో, పైపు పట్టుకుని ఫోటో దిగడానికో వస్తారు. చంద్రిక నైటీకి ఏం గతి పట్టిందో అందరూ చూసి ఉన్నారు. ఆ గతి తమకు పట్టొద్దని బిందెలు ఎక్కడివక్కడ పెట్టి ఇళ్లకు ఉరికారు. సార్ ఒకసారి తన లుంగీ చూసుకున్నాడు. బకెట్ వరుసలో పెట్టి ఆయనా పోయాడు.

"ఏడికి పోతున్నరే?" అనుకుంటూ చంద్రిక వాళ్ల వెనక గల్లీలోకి పోయింది. గంజి చీరలో ఉరకడం ఎక్కడ అవుతుంది? తలుపు తలుపుకూ తిరిగి పిలుస్తోంది.

డ్రైవర్ అటు చూశాడు, ఇటు చూశాడు. బిందెలున్నాయి గాని మనుషులు లేరు. వాడికి మల్లాపూర్‌లో ఇంకో గల్లీ ఉంది. పైపు చుట్టి బండి తీశాడు. నేను చెయ్యి ఊపాను. వాడు చూడలేదు.

కాసేపటికి ఒక్కొక్కరే వచ్చారు. పౌడర్లు, పూలు, అంచు చీరలు. తారామణి పెళ్లి చీర కట్టింది. సార్ మొన్న నేను ఇస్త్రీ చేసిన చొక్కా టక్ చేసుకుని, బెల్టు పెట్టుకుని వచ్చాడు. బిందెలు ఖాళీగా ఎదురు చూస్తున్నాయి.

"లీడరేడి?" అంది తారామణి.

"ఏ లీడరు?" అంది చంద్రిక.

"మరి గీ చీరెందుకు కట్టినవక్కా?"

"నైటీల రావొద్దని మీరే అంటిరి గదా."

"మేమెప్పుడన్నం? ఫోన్లల్ల ఎవలో అన్నరు. నువ్వు నైటీల వస్తే నీళ్లొస్తయి. చీరల వస్తే ఫోటోలొస్తయి. మాకు గదే ఎరుక."

తారామణి పెళ్లి చీరతోనే ఒక బిందె బోర్లించి దాని మీద కూలబడింది. ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఎవరూ ఆగలేదు. చంద్రిక కూడా నవ్వింది. ఎన్ని రోజులకో నవ్వింది. చివరికి సార్ కూడా నవ్వి, టక్ బయటికి లాగాడు.

"చంద్రికమ్మా, ఆఫీసర్ల దగ్గరికి చీరలోనే వెళ్లండి. ఆ మాట నేను మార్చుకోను. నీళ్ల దగ్గరికి మాత్రం ఎలా ఉంటే అలా వచ్చేయండి. మీరు తయారైతే మేమూ తయారవ్వాల్సి వస్తోంది."

చంద్రిక కొంగు నడుముకు దోపి డ్రైవర్‌కు ఫోన్ కొట్టింది. ఎండ ఎక్కే వేళకు మళ్లీ వచ్చాడు. మల్లాపూర్ వాళ్లకు పోసిన తర్వాత మిగిలిన నీళ్లే వచ్చాయి. తలా కొన్ని పంచింది. అంచు చీరలన్నీ తడిశాయి.

ఆ సాయంత్రం నేను బండి సర్దుతుంటే చంద్రిక వచ్చి పక్కన నిలబడింది. నన్ను ఏదైనా అడగాలంటే అట్లాగే నిలబడుతుంది.

"మామా, రేపు మల్ల ట్యాంకరొస్తది. గా సారు అన్నడని నైటీల పోతే ఇంకెవడో ఇంకో ఫోటో తీస్తడు. పోవాల్నా, వద్దా?"

నేను ఇస్త్రీపెట్టెలో బూడిద దులుపుతూనే ఉన్నాను. ఆమె చాలాసేపు ఉండి లోపలికి పోయింది. వాకిట్లోంచి విన్న రాములమ్మ నన్ను తిట్టింది. బిడ్డ నోరు తెరిచి అడిగింది, ఒక్క మాటన్నా చెప్పవా అంది. ఏ మాట చెప్పాలో నాకు తెలిస్తే కదా.

కోడలి చీరలు నా బండి మీదికి వస్తాయి గాని, ఆమె ఇంట్లో కట్టే బట్టలు ఎప్పుడూ రాలేదు. మామ వాటిని ముట్టుకోవడం మా ఇళ్లల్లో లేదు. మరునాడు పొద్దున నేను అందరికంటే ముందు లేచాను. బొగ్గులు రాజేశాను. తీగ మీద ఆరేసిన నెమలి రంగు నైటీ తెచ్చి, నీళ్లు చల్లి, మెడ పట్టీ నుంచి కింది అంచు దాకా ఇస్త్రీ చేశాను. తువాల కూడా చేశాను. రెండూ మీటింగు చీర మడిచినట్టే మడిచి, ఆమె గది ముందున్న కుర్చీలో పెట్టి వచ్చాను.