లక్ష్మీబాయి మీద పడ్డ నిషేధం

మంగళవారం పొద్దున స్కూలు పిల్లల తాకిడి తగ్గి, దుకాణంలో ఫ్రిజ్‌ల హోరు తప్ప మరో చప్పుడు లేని వేళ లక్ష్మీబాయి కౌంటర్ వెనక కంప్యూటర్ ఆన్ చేసింది. గేమ్ తెరుచుకోలేదు. తెర మధ్యలో ఎర్రటి పెట్టె ఒకటి వచ్చింది. అందులో ఇంగ్లీషులో రెండే వాక్యాలున్నాయి. మోసం చేసే సాఫ్ట్‌వేర్ వాడినందుకు మీ అకౌంటును శాశ్వతంగా మూసేశాం. ఈ నిర్ణయంలో మార్పు ఉండదు.

ఆమె కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ చదివింది. అదే ఉంది.

న్యూజిలాండ్‌లోని టౌరంగాలో ఆ డెయిరీ పెట్టి పంతొమ్మిదేళ్ళయింది. అక్కడ వీధి మొదట్లో ఉండే చిన్న దుకాణాన్ని డెయిరీ అంటారు. పాలు, బ్రెడ్డు, పేపర్లు, ఐస్‌క్రీములు అమ్ముకుంటూ నిజామాబాద్ నుంచి వచ్చిన ఆ మొగుడూ పెళ్ళాలు వీధి వీధంతా పేరు పేరునా పలకరించేంత దగ్గరయ్యారు. ఈ పంతొమ్మిదేళ్ళలో లక్ష్మీబాయి మోసం చేసిందని అన్నవాళ్ళు ఒక్కరు లేరు. ఇప్పుడు ముక్కూ మొహం తెలియని ఒక కంపెనీ ఆ మాట అంది.

ఆ గేమ్ పేరు ‘డాక్ త్రీ’. అందులో ముగ్గురు కలిసి ఓడకి సరుకెక్కించాలి. ఒకరు లారీలు తోలాలి, ఒకరు ఏ పెట్టె ఎక్కడ పేర్చాలో చూడాలి, ఒకరు క్రేన్ తిప్పాలి. ఆక్లండ్‌లో ఫ్లాట్ బుష్‌లో ఉండే ఇందిరాదేవి లారీలు తోలుతుంది, హామిల్టన్‌లో ఉండే తారాబాయి పేర్పు చూస్తుంది. క్రేన్ లక్ష్మీబాయిది. యాభై ఎనిమిదేళ్ళ వయసులో ఆమె చెయ్యి అంత నిలకడగా ఉంటుందని ఆమెకే తెలియదు. గాలికి ఊగే కంటైనర్‌ని వెంట్రుకవాసి తేడా లేకుండా దించుతుంది. వాళ్ళ జట్టుకి ‘పచ్చిపులుసు’ అని పేరు పెట్టింది ఆమే. ఆదివారం ఉదయాలు జరిగే లీగులో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ జట్లన్నిటి మధ్య వాళ్ళది తొంభై రెండో స్థానం.

చిక్కు అక్టోబరులో మొదలైంది. దుకాణంలో కంప్యూటర్ పాతది. దాని విండోస్‌కి అప్‌డేట్లు ఆగిపోయాయి, కొత్త విండోస్ దాని మీద ఎక్కనంది. మిషను మాత్రం రాయిలా ఉంది. వెల్లింగ్టన్‌లో ఉద్యోగం చేస్తున్న కూతురు మనస్విని సెలవుకి వచ్చినప్పుడు దాని మీద విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ ఎక్కించింది. గేమ్‌కి లైనక్స్ కోసమే తయారు చేసిన వెర్షన్ ఒకటి ఉందని తెలిసి ముందు దాన్నే దించింది. అది చక్కగా తెరుచుకుంది, క్రేన్ కూడా తిరిగింది. కానీ కంపెనీ దాన్ని రెండేళ్ళ కిందే పట్టించుకోవడం మానేసింది. విండోస్ వాళ్ళు పదిహేడో వెర్షన్ ఆడుతుంటే ఇది పదకొండు దగ్గరే ఆగిపోయింది. స్నేహితురాళ్ళిద్దరూ ఒక రేవులో ఉంటే లక్ష్మీబాయి మనిషన్నవాడు లేని మరో రేవులో ఒక్కతే నిలబడాల్సి వచ్చింది.

అప్పుడు మనస్విని ఇంకో దారి చూపించింది. విండోస్ కోసం రాసిన గేమ్‌కీ లైనక్స్‌కీ మధ్య దుబాసీలా నిలబడి, ఒకదాని మాట ఇంకొకదానికి చెప్పే ప్రోగ్రామ్ ఉంది. దాంతో కొత్త వెర్షన్ నడిచింది. మొదట్లో శబ్దం తెగేది, క్రేన్ కేబుల్ కనిపించేది కాదు. లక్ష్మీబాయి ఒక్కొక్క సెట్టింగూ మారుస్తూ, ఏది మారిస్తే ఏమయిందో పాత బిల్లుల వెనక రాసుకుంటూ నాలుగు రోజుల్లో అన్నీ దారికి తెచ్చింది. మూడు ఆదివారాలు హాయిగా ఆడింది. నాలుగో వారం ఈ ఎర్ర పెట్టె.

మధ్యాహ్నం ఇందిరాదేవి ఫోన్ చేసింది.

“లక్ష్మీబాయి గారూ, ఏంటండీ ఇది? జట్టు పేజీలో మీ పేరు పక్కన ‘మోసం కారణంగా తొలగింపు’ అని పడింది. అందరికీ కనిపిస్తోంది.”

“నేనేం చెయ్యలే ఇందిరమ్మా. నాకు మోసం చేసుడు వస్తదా? మామూలుగ ఆడుడే ఇప్పుడిప్పుడు నేర్చుకున్న.”

“మాకు తెలీదా అండీ. కానీ కింద ఎవరెవరో ఏవేవో రాస్తున్నారు. మీరు చూడకండి.”

ఫోన్ పెట్టేసిన వెంటనే లక్ష్మీబాయి వెళ్ళి చూసింది. ముసలామె క్రేన్ అంత బాగా ఎలా తిప్పుతుందో ఇప్పుడు అర్థమైందని ఒకడు రాశాడు. దానికి నలభై మంది నవ్వు బొమ్మలు పెట్టారు. ఆ తర్వాత పాల కోసం వచ్చినావిడకి లక్ష్మీబాయి చిల్లర రెండుసార్లు తప్పు ఇచ్చింది.

సాయంత్రం భర్త విఠల్ సంగతంతా విన్నాడు. ఐస్‌క్రీమ్ ఫ్రిజ్ అద్దం తుడుస్తూ తేలిగ్గా అన్నాడు.

“కొత్త కంప్యూటర్ కొందాం తియ్యి. విండోస్ ఉన్నది. కొత్త పేరుతోని ఆడుకో. గింత దానికి రంధి పెట్టుకుంటవా?”

“కొత్తది కొంటే నా పేరు మీద రాసింది పోతదా?”

“గేమే కదనే.”

“గేమే. అయితే దొంగ అని రాసింది నా పేరు మీద. కొత్త పేరు పెట్టుకుంటే దొంగతనం ఒప్పుకున్నట్టే అయితది. నేను ఒప్పుకోను.”

విఠల్ మళ్ళీ అద్దం తుడవసాగాడు. ఆమె గొంతులో ఆ గట్టితనం ఎప్పుడు వస్తుందో ఆయనకి తెలుసు. అది వచ్చాక మాట్లాడి లాభం లేదని కూడా తెలుసు.

ఆమె కంపెనీకి మెయిల్ రాసింది. నిమిషంలో జవాబు వచ్చింది. మీ అకౌంటును జాగ్రత్తగా పరిశీలించాం, నిర్ణయం సరైనదే అని. నిమిషంలో ఏం పరిశీలించారని మళ్ళీ రాసింది. అక్షరం పొల్లుపోకుండా అదే జవాబు. మూడోసారీ అదే.

మనస్విని ఫోన్‌లో నొచ్చుకుంది. “సారీ మమ్మీ. నేనే లైనక్స్ వేశాను కదా. ఆ గేమ్‌లో చీటింగ్ పట్టుకోడానికి ఒక కాపలా ప్రోగ్రామ్ ఉంటుంది. లైనక్స్‌లో దానికి అంతా కొత్తగా కనిపిస్తుంది. భయపడి బ్యాన్ చేసేస్తుంది. చాలా గేమ్స్‌లో ఇదే ప్రాబ్లమ్. వాళ్ళు వినరు. వదిలేయ్.”

“నీ తప్పేం లేదు బిడ్డా. ఆ కాపలాది ఏం చూసి నన్ను దొంగ అన్నదో అది ఎక్కడన్న రాసి పెడతదా?”

“లాగ్ ఫైల్ ఉంటుంది. కానీ అది చదవడం ఈజీ కాదు.”

“ఎట్ల తెరవాల్నో చెప్పు. చదువుడు నేను చూసుకుంట.”

ఫైలు నాలుగు వందల వరుసలుంది. అందులో ఆమెకి తెలిసిన మాటలు పాతిక కంటే ఎక్కువ లేవు. అయినా దుకాణం ప్రింటర్ మీద అచ్చు తీసింది. నిషేధానికి ముందు ఆదివారం ఫైలు కూడా తీసి, రెండూ పక్కపక్కన పెట్టి, స్కేలు ఆనించి వరుస తర్వాత వరుస చూసుకుంటూ పోయింది. ఒకేలా ఉన్నవాటిని కొట్టేసింది. కస్టమర్ వచ్చినప్పుడు వేలు పెట్టిన చోట చాక్లెట్ ఒకటి పెట్టి లేచేది. రెండు రోజులు పట్టింది. చివరికి కొట్టెయ్యని వరుసలు ఏడు మిగిలాయి. అందులో ఒకటి ఆమె కంట్లో పడింది. పాత ఫైల్లో ఏదో ఫైలు పేరు పక్కన ‘లేదు’ అని ఉంది. కొత్త ఫైల్లో అదే పేరు పక్కన ‘మార్చబడింది’ అని ఉంది.

లేనిదాన్ని ఎవరు ఎలా మారుస్తారు?

లైనక్స్ మీద ఆటలాడేవాళ్ళు మాట్లాడుకునే ఒక ఫోరం ఉందని మనస్విని చెప్పింది. లక్ష్మీబాయి అక్కడ తన పేరు, ఊరు, వయసు చెప్పి, ‘డాక్ త్రీ’ వల్ల ఇలా జరిగినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగింది. మొదటి జవాబు వెటకారంగా వచ్చింది. రెండోది ఫిన్‌లాండ్ నుంచి. తనకీ అదే రోజు అలాగే జరిగిందని ఒకతను రాశాడు. వారం తిరిగేసరికి ఇరవై మూడు మంది తేలారు. కొందరు కోపంతో ఊగిపోతున్నారు, కొందరు విసిగి గేమ్ తీసేశారు. ఆమె ఒక్కొక్కరికీ విడిగా రాసింది. తిట్లొద్దు, మీ ఫైలు పంపండి చాలు అని. పంతొమ్మిది మంది పంపారు. పంతొమ్మిదింటిలోనూ ఆ వరుస అలాగే ఉంది. అందరి నిషేధమూ ఒక్క అప్‌డేట్ తర్వాతి రోజే పడింది.

ఇంత దొరికాక దాన్ని ఎవరికి చూపించాలన్నది మిగిలింది. కంపెనీ మెయిల్ పెట్టెలో వేస్తే నిమిషంలో అదే జవాబు వస్తుంది. ఆలోచిస్తూ ఆమె ఎందుకూ పనికిరాదనుకున్న ఆ పాత లైనక్స్ వెర్షన్ తెరిచింది. మెనూలో తయారుచేసినవాళ్ళ పేర్ల పట్టిక ఉంది. పెద్ద జాబితా. అడుగున చిన్న అక్షరాల్లో లైనక్స్ వెర్షన్ అని, దాని కింద ఒక్కటే పేరు ఉంది. రోరీ మెక్‌కీ. వెతికితే డునెడిన్‌లో ఉన్నాడు, ఇంకా ఆ కంపెనీలోనే పనిచేస్తున్నాడు. న్యూజిలాండ్ మనిషే అని తెలియగానే ఆమెకి సగం బరువు దిగినట్టయింది. ఒక పేజీ ఉత్తరం, పంతొమ్మిది వరుసల పట్టిక, దుకాణం ఫోన్ నంబరు పంపింది.

మూడో రోజు మధ్యాహ్నం అతనే ఫోన్ చేశాడు. గొంతులో బిడియం ఉంది.

“మీ పట్టిక చూశాను. ఈ పని మా దగ్గర ఎవరో ఒకరు చెయ్యాల్సింది. పొరపాటు మాదే. మీరు చూపించిన ఆ పేరు విండోస్‌లో ఉండే ఒక ఫైలుది. మీ లైనక్స్ కంప్యూటర్లలో అది అసలు ఉండదు. అది లేకపోతే ‘లేదు’ అనాలి. ఎవరైనా దాన్ని మారిస్తేనే మోసం. కొత్త అప్‌డేట్‌లో ఎవరో తొందరలో లేకపోవడాన్నీ మార్చడాన్నీ ఒకటే చేసేశారు.”

“లైనక్స్‌లో ఎవరూ ఆడి చూడలేదా?” అని ఆమె ఇంగ్లీషులో అడిగింది.

“చూసేవాడిని నేనొక్కడినే. ఆ వెర్షన్ శని ఆదివారాల్లో సొంతంగా చేశాను. వందమంది ఆడితే అందులో లైనక్స్ వాళ్ళు ఇద్దరు కూడా ఉండరు. ఒక్కొక్కరి మిషను ఒక్కో రకం. ఒకరికి సరిచేస్తే ఇంకొకరికి చెడేది. నన్ను వేరే పనిలో వేశాక దాన్ని చూసేవాళ్ళు లేకుండా పోయారు.”

వారం పది రోజుల్లో నిషేధాలు ఎత్తేస్తామన్నాడు. అయితే లీగు ఆటల్లోకి మాత్రం లైనక్స్ వాళ్ళని రానివ్వడం కుదరదన్నాడు. లైనక్స్ మీద కాపలా ప్రోగ్రామ్ పూర్తిగా పనిచెయ్యదు, దానికి హామీ ఇచ్చే అధికారం తనకి లేదు. స్నేహితులతో గేమ్‌లోనే విడిగా గది తీసుకుని ఆడుకోవచ్చు.

ఆదివారం లీగు ఇక లేనట్టేనని లక్ష్మీబాయికి అర్థమైంది. అయినా అసలు అడగాల్సింది అడిగింది. “నా పేరు పక్కన రాసిన మాట?”

“తీసేస్తాం.”

“తీసేస్తే సరిపోదు.” ఆమె కౌంటర్ అంచు పట్టుకుంది. “నేను కూడా ఒకసారి ఇలాంటి తప్పు చేశాను. చాక్లెట్ల పెట్టె ఎత్తుకుపోయాడని ఒకాయన ఫోటో దుకాణంలో అంటించాను. రెండు రోజులకి ఆ పెట్టె ఫ్రిజ్ వెనక దొరికింది. ఫోటో పీకేసి ఊరుకోలేదు. అదే చోట, ఈయన దొంగ కాదు, తప్పు నాది అని రాసి నెల రోజులు ఉంచాను. సిగ్గుగా ఉండేది. ఉంచాను. మీరు కూడా ఆ పేజీలోనే రాయండి. నా ఒక్కదానికి కాదు, అందరికీ.”

“అది నా చేతిలో లేదు, మిసెస్ లక్ష్మీబాయి.”

“ఎవరి చేతిలో ఉందో వాళ్ళని అడగండి. నేను మళ్ళీ సోమవారం ఫోన్ చేస్తాను.”

సోమవారం చేసింది. గురువారం చేసింది. తర్వాతి సోమవారం ఆమె నంబరు నొక్కకముందే అతని మెయిల్ వచ్చింది. ఫోరంలో తేలినవాళ్ళే కాక, తేలనివాళ్ళతో కూడా కలిపి మొత్తం అరవై ఒక్కమంది మీద నిషేధం తీసేశారు. ఏ పేజీలో నలభై నవ్వు బొమ్మలు పడ్డాయో అదే పేజీలో పైన, వీళ్ళెవరూ మోసం చెయ్యలేదు, పొరపాటు కంపెనీది, క్షమించండి అని నాలుగు వరుసలు పడ్డాయి. విఠల్ దాన్ని ఫోన్లో ఫోటో తీసి నిజామాబాద్‌లో ఉన్న తమ్ముళ్ళందరికీ పంపించాడు. వాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ అందరూ దండం బొమ్మలు పెట్టారు.

ఆ సాయంత్రం ఇందిరాదేవి ఫోన్ చేసి ముందు అభినందించింది. తర్వాత కాస్త నసిగింది.

“మీరేమీ అనుకోకండి. లీగు మధ్యలో ఆగితే జట్టు పోతుందన్నారు. అందుకని మా అల్లుడు అభినయ్‌ని క్రేన్ మీద కూర్చోబెట్టాం. ఈ సీజన్ వరకేనండీ.”

లక్ష్మీబాయి కిటికీలోంచి వీధిలోకి చూసింది. బాధ కలగలేదని చెప్తే అబద్ధమే అవుతుంది. “మంచిదే చేసిన్రు,” అంది. “ఎట్ల తిప్పుతున్నడు?”

“పెట్టెల్ని నీళ్ళలో పడేస్తున్నాడు.”

లక్ష్మీబాయి నెల తర్వాత మొదటిసారి గట్టిగా నవ్వింది. “ఆదివారం లీగు అయిపోయినాక మనం ముగ్గురం విడిగ ఆడుదాం. ఆయన్ని కూడ కూర్చోమను, చూస్తడు.”

అలా ఆదివారాలు మళ్ళీ మొదలయ్యాయి. లీగు సంగతి ఆమె వదిలిపెట్టలేదు. ప్రతి నెలా ఒకటో తేదీన కంపెనీకి ఒక మెయిల్ రాస్తోంది. లీగులోకి ఎప్పుడు రానిస్తారని మర్యాదగా, రెండే వాక్యాలు. ఇప్పుడు జవాబు నిమిషంలో రావడం లేదు. ఒకటి రెండు రోజులు పడుతోంది, ఎవరో మనిషి రాస్తున్నాడు.

ఫిబ్రవరిలో రోరీ నుంచి మెయిల్ వచ్చింది. వారానికి ఒక రోజు లైనక్స్ వెర్షన్ మీద పనిచెయ్యడానికి కంపెనీ ఒప్పుకుంది. కానీ రకరకాల మిషన్ల మీద ఆడి చూసి, ఏం చెడిందో విడమరచి రాసేవాళ్ళు కావాలి. ఆ ఇరవై మూడు మందిని అడగగలరా అని రాశాడు. ఆమె అదే రోజు అందరికీ రాసింది. పదిహేడు మంది వస్తామన్నారు. మొదట వెటకారం చేసినతను కూడా వచ్చాడు.

తొలి వెర్షన్ ఒక బుధవారం పొద్దున వచ్చింది. లక్ష్మీబాయి తెరిచి చూసింది. శబ్దం లేదు. సముద్రం ఊదా రంగులో ఉంది. క్రేన్‌ని ఎడమకి తిప్పితే కుడికి పోతోంది. మొదటి కంటైనర్ సూటిగా లారీ డ్రైవర్ నెత్తిన పడింది.

ఆమె కుర్చీ దగ్గరకి లాక్కుని, రిపోర్టు ఫారం తెరిచి, ఒకటో నంబరు వేసి రాయడం మొదలుపెట్టింది.