మేస్త్రి చేతులు

ఆ గిటారు వీడియోల్లో కనిపించేవి తాపీ మేస్త్రి చేతులని మొదట తేల్చేసింది ఎవరో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. గోళ్ళ సందుల్లో తెల్లగా ఎండిన పొడి, కణుపుల మీద పగుళ్ళు, బొటనవేలి పక్కన గీరుకుపోయిన మచ్చ. ఇంకేముంది, పగలంతా గోడలు కట్టి, ఇంటికొచ్చి గిటారు పట్టుకునే మనిషన్నమాట! గ్రూపంతా ఆ కథను నెత్తిన పెట్టుకుంది. మేస్త్రి అన్న అనే పేరు అలా అతుక్కుపోయింది.

నిజానికి ఆ చేతులు ఎన్నడూ తాపీ పట్టలేదు. అవి కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబ్‌లో పనిచేసే ఒక ఆడమనిషివి. పళ్ళ డాక్టర్లు పంపిన దవడ అచ్చుల్లో ప్లాస్టర్ కలిపి పోయడం, ఆరాక గీకి నునుపు చేయడం, వాటి మీద పళ్ళు కూర్చడం ఆమె పని. ఆ ప్లాస్టర్ ఎంత కడిగినా గోళ్ళ మూలల్లో మిగిలిపోయేది. అంత పెద్ద కథకి ఆధారం ఆ కాస్త పొడి.

గ్రూపంటే హెవీ మెటల్ వాయించేవాళ్ళూ, దానికి చెవి కోసుకునేవాళ్ళూ కలిసి ఆన్‌లైన్‌లో నడుపుకునే గుంపు. అక్కడ ఒక కట్టుబాటు ఉంది. పాట పెట్టాలంటే గిటారు మీద చేతులు కనిపించాలి, వీడియో మధ్యలో ఎక్కడా కోత ఉండకూడదు. కంప్యూటర్లో అతుకులు వేసి, మేమే వాయించామని బుకాయించేవాళ్ళ కోసం పెట్టుకున్నారు దాన్ని. ముఖం చూపించమని మాత్రం ఎవరూ అడగరు.

అసలు ఆమె మొదట్లో ముఖంతోనే పెట్టింది. కాలేజీ రోజుల్లో, ఎంతో సంబరంగా, తన సొంత పాట. కళ్ళు బాగున్నాయన్నారు. పెళ్ళయిందా అన్నారు. వెనకాల దాక్కుని వాయిస్తున్నది ఎవరమ్మా అన్నారు. పాట ఎలా ఉందో ఒక్కడూ చెప్పలేదు. ఒకడు మాత్రం గిటారు ఏ కంపెనీదని అడిగాడు, ఆ రోజుకి దక్కిన మర్యాద అదే. ఆ వీడియో తీసేసి, కొత్త ఖాతా తెరిచి, ఫోన్ని కిందకు వంచి చేతుల మీదే పెట్టింది. అంతే, అన్నా అని పిలవడం మొదలుపెట్టారు. అన్నా ఆ మూడో ముక్క ఎలా పట్టావు, అన్నా తీగలు ఎంత వదులు చేశావు, అన్నా నీ కాళ్ళకి దండం. ఆ పిలుపు ఆమెకు నచ్చింది. ఎందుకు నచ్చదు? మొట్టమొదటిసారి మనుషులు ఆమె పాట గురించి మాట్లాడుతున్నారు. కాదని చెప్పడం రేపటికి వాయిదా వేసింది. ఆ రేపు ఏళ్ళ తరబడి సాగింది.

అలా అన్నా అని పిలిచినవాళ్ళలో ఒకడు సుత్తి. డ్రమ్స్ బాగా బాదుతానని ఆ పేరు తనే పెట్టుకున్నాడు. మెసేజీలు రాసే తీరులోనూ ఆ పేరు నిలబెట్టుకునేవాడు, అది వేరే సంగతి. ఆమె గిటారు వాయించి, చేతుల వీడియో తీసి అతనికి పంపేది. అతను దానికి డ్రమ్స్ కలిపి, ఇద్దరి పేరుతో నడిపే పేజీలో పెట్టి గ్రూపులో పంచేవాడు. ఒకరి గొంతు ఒకరు ఎన్నడూ వినలేదు. అలా ఒక ఆల్బమ్‌కి సరిపడా పాటలు తయారయ్యాయి. వాటిలో ‘దవడ’ అనే పాటంటే గ్రూపులో అందరికీ ప్రాణం. ఎక్కడివాడో ఒకడు ఆ పేరుని భుజం మీద పచ్చబొట్టు కూడా పొడిపించుకున్నాడు. ఆ పాట పళ్ళ ల్యాబ్‌లో, ప్లాస్టర్ గీకే మిషన్ గుర్రుమంటుంటే పుట్టిందని ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు.

మెటల్ ఆల్బమ్‌లను రికార్డులుగా అచ్చువేసే ఒక పెద్దాయన ఆ పాటలు వేస్తానన్నాడు. కవర్ వెనక వాయించినవాళ్ళ ఫోటోలు కావాలన్నాడు. అప్పుడు పుట్టింది ఆమెకు ఆశ. ఆ కవర్ మీద తన ముఖం ఉండాలి. కిందనో మూలనో అయినా సరే, ఉండాలి. అమ్మ చేతిలో పెట్టి, పక్కింటివాళ్ళు గోడ కొట్టినప్పుడల్లా నువ్వు సర్దిచెప్పిన గోల ఇదేనమ్మా అని చూపించాలి.

మధ్యాహ్నం భోజనాల వేళ, ల్యాబ్‌లో నుంచే సుత్తికి వీడియో కాల్ చేసింది. ఆమె వెనక అరల నిండా కట్టుడు పళ్ళు ఇకిలిస్తున్నాయి.

“ఎవరండీ?” అన్నాడు.

“నేనే. మేస్త్రిని.”

“జోకులొద్దు. అన్నకివ్వండి ఫోను.”

ఆమె బల్ల మీద వేళ్ళతో ‘దవడ’ మొదలు కొట్టి చూపించింది. వేళ్ళను దగ్గరగా పెట్టి ప్లాస్టర్ కూడా చూపించింది.

“మరి... ముందే చెప్పొచ్చు కదా మేడమ్” అన్నాడు.

నిన్నటిదాకా కాళ్ళకి దండం పెట్టినవాడికి నిమిషంలో అన్న కాస్తా మేడమ్ అయింది. అయినా తేరుకుని, మంచివాడిలాగే మాట్లాడాడు. పెద్దాయన్ని అడిగి మర్నాడు కబురు చెప్పాడు. ముఖం కనిపించేలా ‘దవడ’ వాయించి పెట్టాలట, గ్రూపువాళ్ళు సరేనంటే ఆయనకి అభ్యంతరం లేదట. రికార్డులు కొనేది గ్రూపువాళ్ళే కదా.

ఆదివారం ఉదయం ఆమె తలస్నానం చేసింది, ఇస్త్రీ చొక్కా వేసుకుంది. ఏళ్ళ తర్వాత ముఖంతో నలుగురిలోకి వెళ్తోంది, ఆ మాత్రం ముస్తాబు తప్పా? పాత బ్రష్షుతో గోళ్ళన్నీ తోమింది. మొండిగా మిగిలిన ప్లాస్టర్‌ని అమ్మ సూదితో తీసి, తన క్రీము కూడా రాసింది.

“ఇప్పుడు ఆడపిల్ల చేతుల్లా ఉన్నాయి” అంది అమ్మ మురిసిపోతూ.

ఆ మురిపెమే కొంప ముంచింది. మేస్త్రి ఖాతాలోంచే గ్రూపులో వీడియో పెట్టిన కాసేపటికే రచ్చ మొదలైంది. చేతులు చూశారా? గోళ్ళలో సున్నం ఏది? ఇవి మన మేస్త్రి చేతులు కావు! ఎవడో పాత చేతుల్నీ కొత్త చేతుల్నీ పక్కపక్కన పెట్టి ఎర్ర గీతలతో సున్నాలు చుట్టాడు. మేస్త్రి అన్నని ఏం చేశావని నిలదీశారు. పాపం కూలి మనిషి, నోరులేనివాడు, నాజూకు చేతుల పిల్ల వచ్చి ఆయన చెమట కొట్టేసిందన్నారు. జన్మలో ఇటుక మోయనివాళ్ళు కూడా మేస్త్రికి న్యాయం కావాలని అరిచారు. అంత ప్రేమ! ఆ ప్రేమంతా ఆమె మీదే, తిట్లూ ఆమెకే. పాట వింటున్నంతసేపూ ఒక్క తప్పూ దొరకలేదు వాళ్ళకి. బాగా బట్టీ పట్టిందన్నారు.

నేనే వాయిస్తాను, అది పళ్ళ ల్యాబ్‌లో ప్లాస్టర్, కడుక్కున్నానని ఆమె రాసింది. కడుక్కుంటే పోయే మేస్త్రి మాకొద్దని జవాబిచ్చాడు గ్రూపు అడ్మిన్. రాసి, ఆమె ఖాతాను గ్రూపులోంచి గెంటేశాడు.

సుత్తి చూశాడు కదా, సుత్తి చెప్తాడని ఆమె ధైర్యం. సాయంత్రానికి సుత్తి ఒక ముక్క రాశాడు. ‘నాకూ పూర్తిగా తెలీదు. అందరూ కాస్త ఓపిక పట్టండి.’

అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకు. ఫోన్ చేసింది.

“నువ్వు చూశావు కదా!”

“చూశాను మేడమ్. కానీ అందరూ అంత ఆవేశంలో ఉంటే నేనొక్కణ్ణీ ఏం చేస్తాను? మీరు ఇంకోటి పంపండి. చేతులు ఎప్పటిలా ఉంచి.”

ఆమె ఆలోచించింది. కోత లేని వీడియో అనేది వాళ్ళ కట్టుబాటే. ఆ కట్టుబాటుతోనే వాళ్ళ నోరు మూయించొచ్చు. మర్నాడు ల్యాబ్‌లో పని అయ్యాక చేతులు కడుక్కోలేదు. బస్సులో పక్క సీటావిడ చీర ఎక్కడ అంటుకుంటుందోనని దూరంగా జరిగి కూర్చుంది. ఇంటికెళ్ళి ఫోన్ని ఎప్పటిలా కిందకు వంచి, చేతుల మీద పెట్టి, ‘దవడ’ మొదటినుంచి చివరిదాకా వాయించింది. అంత కసిగా ఎప్పుడూ వాయించలేదు. చివరి దెబ్బ ఇంకా మోగుతుండగానే, రికార్డింగ్ ఆపకుండా, ఫోన్ని పైకి ఎత్తి ముఖం చూపించింది. తెల్లటి చేతిని చెంప పక్కన పెట్టుకుంది.

“నేనే మేస్త్రిని. పళ్ళు చేస్తాను. ఈ పాట నాది” అంది.

గ్రూపులో ఆమెకు చోటు లేదు కాబట్టి వీడియో సుత్తికే పంపింది. ఉన్నదున్నట్టు పెట్టమంది. అలాగే మేడమ్ అన్నాడు.

పెట్టాడు. అమ్మ తన ఫోన్లో ఆ పేజీ తెరిచి, కళ్ళజోడు సర్దుకుని ఒక్కొక్కటే పైకి చదివింది.

“‘అన్నా వచ్చేశావా, ఏడుపొచ్చింది అన్నా.’ ‘వాయించడమంటే ఇదీ.’ ‘ఆ అమ్మాయి ఇది చూసి నేర్చుకోవాలి.’ ఏ అమ్మాయే?”

“నేనే.”

“ఎవర్ని చూసి నేర్చుకోవాలట?”

“నన్నే.”

“మరి ఇందులో నీ ముఖం ఏది?”

ఆమె ఫోను లాక్కుని చూసింది. ఆమె చెయ్యి ఫోన్ వైపు కదలబోయే చోట వీడియో ఆగిపోయింది. చివరే కాబట్టి మధ్యలో కోత లేదని గ్రూపు ఒప్పుకుంది.

“ఎందుకు కోశావు?” అని సుత్తికి ఫోన్ చేసి అడిగింది.

“ఆ ముక్క పెడితే మళ్ళీ రచ్చ మేడమ్. ఆల్బమ్ ఆగిపోతుంది. పెద్దాయన మీ చేతుల బొమ్మే కవర్ మీద పెద్దగా వేస్తానంటున్నాడు. పాట ముఖ్యం కానీ ముఖంలో ఏముంది చెప్పండి?”

“ఏమీ లేకపోతే నీ ముఖం ఎందుకు వేస్తున్నారు?”

సిగ్నల్ సరిగా లేదని అతను ఫోన్ పెట్టేశాడు.

ఆమె ఆ రోజే పెద్దాయనకి రాసింది. పాటలన్నీ నావి, కోయని వీడియో జతచేస్తున్నాను చూడండి, నా ముఖం వేస్తే వేయండి, లేదంటే ఆల్బమ్ ఆపేయండి. ఎక్కడా బతిమాలలేదు.

జవాబు మర్నాడు ల్యాబ్‌లో ఉండగా వచ్చింది. గిన్నెలో కలిపిన ప్లాస్టర్ అప్పుడే బిగుసుకుంటోంది. దాన్ని అలాగే వదిలేసి, చేతులు తుడుచుకోకుండానే ఫోన్ తెరిచింది. ఆయన చాలా మర్యాదగా రాశాడు.

‘అమ్మా, మీరు పంపిన వీడియో చూశాను. బాగా వాయించారు. కానీ ఈ పాటలు మేస్త్రి గారివని అందరికీ తెలుసు. ఆపమని ఆయన స్వయంగా ఒక్క మాట చెబితే, తప్పకుండా ఆపేస్తాను.’