వాసన లేని గుడ్డు

ఆమె గుడ్డును గాజు కప్పు అంచుకు తాకించింది. పెంకు చిట్లింది. బొటనవేళ్లతో విప్పి సొనను కప్పులోకి జార్చింది. కప్పును ముక్కు దగ్గరికి తెచ్చి గాలి పీల్చినట్టు నటించి, పక్క స్టూలు మీదున్న వదిన కేసి కొంచెం వంచింది. వదిన తల తిప్పకుండానే ఒక్క శ్వాస పీల్చి "ఊఁ" అంది. అప్పుడు సొనను బకెట్‌లోకి ఒంపింది. మళ్లీ ఇంకో గుడ్డు.

కేకుల ఫ్యాక్టరీలో సొన తీసే గది అది. కొన్ని గుడ్లు చూపుకు బాగున్నా కుళ్లి ఉంటాయి కాబట్టి, ప్రతి గుడ్డునూ విడిగా కప్పులో పోసి, వాసన చూశాకే బకెట్‌లో కలపాలి. ఒక్క కుళ్లు గుడ్డు పడిందంటే బకెట్ మొత్తం మురిక్కాలవ పాలే. ఆ వరసలో ఆమెకు పోలీసుకుక్క అని పేరు. పెంకు చిట్లీ చిట్లకముందే "ఇది పోయింది" అని పక్కన పడేసేది. ఆమెను ఈ పనిలో పెట్టించింది వదినే, భర్తకు అక్క. మరదలి ముక్కు గురించి అందరికంటే గొప్పగా చెప్పుకునేదీ ఆవిడే.

వానల్లో ఆమెకు జ్వరం వచ్చి తగ్గింది. జ్వరంతోపాటు వాసనలూ పోయాయి. ఆ సంగతి వదినకు తప్ప ఫ్యాక్టరీలో ఎవరికీ తెలియదు.

"వచ్చేస్తుందిలే. అందాకా నా ముక్కు ఉందిగా," అంది వదిన.

వాసన పోతే అసహ్యమూ పోతుందనుకుంది. పోలేదు. ముక్కు ఖాళీ చేసి వేళ్లలోకి, కళ్లలోకి, నాలుక మీదికి కాపురం మార్చింది. మణికట్టు మీదుగా మోచేతికి జారే తెల్లసొన చీమిడిలా తోచేది. పాత గుడ్డు కప్పులో పడ్డప్పటి చప్పుడుకు దవడల కింద నీళ్లూరేవి. ఇంట్లో అన్నానికి రుచి పోయి, ఉత్త మెత్తదనం మిగిలింది. ముద్ద నోట్లో పెట్టుకుంటే ఎవరో నమిలి ఉమ్మినదాన్ని మళ్లీ నములుతున్నట్టుండేది. ఎదురుగా భర్త వేళ్లు నాకుతూ తింటుంటే, ఆ చప్పుడు తన నోట్లోంచే వస్తున్నట్టనిపించి కంచం ముందు నుంచి లేచిపోయేది.

"నా మొహం చూస్తే వాంతి వస్తోందా ఏంటి?" అని అతను ఒకసారి నవ్వాడు. ఆ తర్వాత వంటింట్లో తినడం మానేశాడు.

ఆ ఉదయం ఒక గుడ్డు విప్పగానే తెల్లసొనలో ఆకుపచ్చ జీర కనిపించింది. గుప్పుమని కుళ్లు వాసన కొట్టింది. వికారం గొంతు దాకా వచ్చింది. ఆ వికారంలోనే ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"వదినా! వాసన... వాసన కొట్టింది!"

వదిన కప్పు అందుకుని వాసన చూసింది. మళ్లీ చూసింది. "ఏం లేదే. బాగానే ఉంది. ట్రే రంగు పడిందంతే." కప్పును పచ్చ ప్లాస్టిక్ ట్రే మీంచి పక్కకు జరిపింది. జీర మాయమైంది. దాంతోపాటే వాసనా.

కళ్లు ఆడిన అబద్ధానికి ముక్కు సాక్ష్యం చెప్పిందన్నమాట. ఆ తర్వాత ఆమె ఏ గుడ్డునూ నమ్మలేకపోయింది.

మధ్యాహ్నం వదిన బాత్రూంకి లేచింది. "నేనొచ్చేదాకా మెల్లగా కానియ్."

మెల్లగానే చేసింది. ఒక గుడ్డు విప్పింది. పచ్చసొన గుండ్రంగా, నిండుగా నిలబడింది. తెల్లసొన చిక్కగా, అద్దంలా ఉంది. చప్పుడులో తేడా లేదు. అటు నుంచి సూపర్‌వైజర్ వస్తున్నాడు. చెయ్యి ఆగితే ఎందుకంటాడు. ఒంపేసింది.

ముందు ఎదుటి స్టూలావిడ ముక్కు మూసుకుంది. "అబ్బా! ఎవరిదే అది?" అంటూ ఇంకొకావిడ లేచింది. ఒకరు ఓకరించారు. ఇంకొకరు తలుపు దగ్గరికి పరిగెత్తారు. ఆ బకెట్ ముందు ఆమె ఒక్కతే, చేతులు ఒళ్లో పెట్టుకుని, మొహంలో ఏ మార్పూ లేకుండా కూర్చుని ఉంది.

సూపర్‌వైజర్ మోచెయ్యి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. "ఏమ్మా, నీకు వాసన రావట్లేదా?"

ఆమె వాళ్ల మొహాలు చూసింది. ముడుచుకున్న ముక్కులు, సాగిన పెదాలు, మెడల మీద ఉబ్బిన నరాలు. ఎవరో మళ్లీ ఓకరించిన చప్పుడు. చేతివేళ్ల మధ్య జిగురు. ముక్కుకు ఏమీ అందకుండానే, వంగి, ఆ బకెట్‌లోనే కక్కుకుంది.

తలెత్తేసరికి తలుపు దగ్గర వదిన. ఆవిడా ముక్కు మూసుకునే ఉంది. చూపులు కలవగానే చెయ్యి దించేసింది.

"ట్రేలు కడిగే దగ్గర ఏదైనా పని చూద్దాంలే," అన్నాడు సూపర్‌వైజర్ మెత్తగా.

"వద్దు సార్. ఇది కడిగేసి వెళ్లిపోతా."

వదిన సాయానికి వంగబోయింది. "నువ్వు ముట్టుకోకు వదినా, కంపు," అందామె. బకెట్‌ను ఒక్కతే కాలవ దాకా మోసింది, ఒంపింది, కడిగి బోర్లించింది. వెనక తలుపు లోంచే వెళ్లిపోయింది.

మర్నాడు ఆ స్టూలు మీద వేరే మనిషి కూర్చుంది. గోడ మేకుకు ఆమె ఏప్రన్ ఇంకా వేలాడుతోంది. సొన ఎండి అట్టకట్టింది. కూర్చున్నప్పటి మోకాళ్ల వంపు అందులో అలాగే ఉంది.