అసలుదా, ఉప్పునీళ్లా

మా అత్తమ్మ మహాదేవమ్మకు పక్షవాతం వచ్చిన పది రోజులకు మా అమ్మ శరణమ్మకూ వచ్చింది. కబురు విని అత్తమ్మ మంచం మీంచే, "నాకొచ్చిందని ఆమె గూడ తెచ్చుకున్నదా?" అన్నది. ఇద్దరికీ మాట వారంలో తిరిగొచ్చింది. కుడిచెయ్యి రాలేదు.

ఇద్దరినీ వేళకే హైదరాబాదు దవాఖానకు చేర్చాం. అక్కడ మూలకణాల మీద పరీక్ష జరుగుతోంది. దెబ్బ తిన్న చోటు చుట్టూ ఉన్న మెదడును ఆ కణాలు కాపాడతాయేమో చూడాలని. సగం మందికి కణాలు, సగం మందికి ఉత్త ఉప్పునీళ్లు ఎక్కిస్తారట. ఎవరికి ఏది ఎక్కిందో చూసే డాక్టరుకు కూడా పరీక్ష ముగిసేదాకా తెలియదట. ఎక్కించే మందు సంచులన్నిటికీ ఒకే నల్లగుడ్డ తొడుగు. మా ఇంటాయన సచిన్ ఒకసారి, రాయికోడ్ నుంచి వచ్చిన మా నాన్న ఒకసారి, అన్నీ చదివించుకుని సంతకాలు పెట్టారు.

మా ఊరు జహీరాబాదుకు తిరిగొచ్చాక అత్తమ్మ చేసిన మొదటి పని, దవాఖానలో ఇచ్చిన మెత్తటి బంతిని ఉల్లిగడ్డల బుట్టలో పడేయడం. దాన్ని రోజుకు మూడు పూటలా పిసకాలి. అసలు మందు ఎక్కి ఉంటే చెయ్యి దానంతటదే వస్తుంది, ఉప్పునీళ్లయితే పిసికినా దండగే అని ఆమె వాదన.

అత్తమ్మ చేతి జొన్నరొట్టెకు మా గల్లీలో పేరుంది. ఇప్పుడు నేను రొట్టె కొడుతుంటే ఆమె నా చేతులకేసి చూస్తూ కూర్చునేది. పెట్టింది తినేది, ఒక్క మాట అనేది కాదు. వంక పెట్టని అత్తమ్మను చూస్తే నాకు భయమేసింది.

ఒక ఆదివారం రాయికోడ్ వెళ్లొచ్చి, అమ్మ స్టీలు గ్లాసు పట్టుకుందని చెప్పాను. అది నిజమే. అత్తమ్మ, "అయితే అసలుది ఆమెకే ఎక్కింది. కానియ్, నేను ఉప్పునీళ్లతోనే చేసి చూపిస్త," అన్నది. సాయంత్రానికి బుట్టలో బంతి లేదు. దుప్పటి కింద ఆమె చెయ్యి మెల్లగా కదులుతోంది.

మరుసటి ఆదివారం అమ్మకు, అత్తమ్మ తల దువ్వుకుందని చెప్పాను. అది సగం నిజం, దువ్వెన పట్టుకుంది. అమ్మ మూతి తిప్పి, "మీ అత్తదే కిస్మత్. సంచిల గూడ మంచిదే ఏరుకుంటది," అని, తన బంతి ఎక్కడుందో వెతకమన్నది.

ఆ తర్వాత నేను నిజాల కోసం ఆగలేదు. అమ్మ కుచ్చిళ్లు పెట్టుకుంటోందని ఇక్కడ, అత్తమ్మ పప్పు రుబ్బుతోందని అక్కడ. ఐదో నెలకు ఇద్దరూ రొట్టెలు కొడుతున్నారు, నా మాటల్లో.

ఆరో నెల చూపించుకోవడానికి ఒకే కారులో వెళ్లాలన్నారు. నా సంగతి బయటపడితే ఇద్దరూ బంతులు మళ్లీ పారేస్తారని నాకు దిగులు. అమ్మ పొద్దున్నే మా ఇంటికి వచ్చి, కూర్చోకముందే అన్నది:

"వదినె, ఒక్క రొట్టె కొట్టి చూపియ్యి. విని విని నా చెవులు నొస్తున్నయ్."

"ముందు నువ్వు కొట్టు వదినె. నేను గూడ వినుడే గద."

ఇద్దరూ పిండి ముందు కూర్చున్నారు. నేను పొయ్యికేసి చూస్తూ నిలబడ్డాను. అత్తమ్మ రొట్టె ఒకపక్క మందం, ఒకపక్క పల్చన. అమ్మది పెనం మీదికి ఎత్తుతుంటే చిరిగింది. కానీ అవి రొట్టెలే. ఒకరిది ఒకరు తిని బాగుందన్నారు. నా అబద్ధాలన్నీ కలిపినా అంత పెద్దవి కావు.

డాక్టరు ఇద్దరి చేతులూ చూసి మెరుగే అన్నాడు. ఇంట్లో ఇంకేమైనా వైద్యం చేశారా, దాస్తే పరీక్ష ఫలితం తప్పుగా వస్తుంది అని నన్ను అడిగాడు. తప్పుగా వస్తుంది అన్న మాట నన్ను కూర్చోనివ్వలేదు. దువ్వెన దగ్గర నుంచి రొట్టెల దాకా అన్నీ వాళ్లిద్దరి ముందే చెప్పేశాను. ఆయన ఫారం అటూ ఇటూ తిప్పాడు. అలాంటి వైద్యానికి గడి లేదు. చివరికి అంచున ఏదో రాసుకున్నాడు.

తిరుగు దారిలో సదాశివపేట దాటాం. అమ్మ కళ్లు మూసుకునే ఉంది, కొంగు కింద చెయ్యి మాత్రం బంతిని పిసుకుతోంది. అత్తమ్మ అది కాసేపు గమనించి, నా వైపు వంగింది.

"వచ్చే ఐతారం మీ అమ్మ ఏం జేసిందని చెప్తవో, జర పెద్దదే చెప్పు బిడ్డా. ఈ బొటనేలు ఇంక వంగుతలేదు."