పైకప్పు కింద అతుకు

షెడ్డు మధ్యలో పాత కారు నిలబడి ఉంది. వెనక సీట్లు పీకేశారు, ఇంజను మార్చేశారు. ఇక తేలాల్సింది ఒక్కటే: లోపల ఇనప పంజరం పెట్టడమా, మానడమా? బండి బోల్తా పడితే పైకప్పు నలిగి మనిషి మీద కూలకుండా ఆపే గొట్టాల చట్రం అది.

షెడ్డు ముసలి వెల్డరుది. కారు ఆయన చెల్లెలి చిన్నకొడుకుది. ఆదివారం కొండదారిలో పందెం.

"పంజరమూ వద్దు, పాడూ వద్దు," అంది చెల్లెలు గుమ్మం దగ్గర పీట మీద కూచుని. "పెద్దోడి బండికి పెట్టావుగా అన్నయ్యా. ఏం ఒరిగింది?"

"నిజమే మావయ్యా," అన్నాడు చిన్నోడు. "నలభై కిలోల దండగ బరువు. పైగా తల ఆ గొట్టానికి తగిలిందా, పుచ్చకాయే."

"పగలడానికి నీ తలలో ఏముందిరా?" అంది తల్లి. ఎవరూ నవ్వలేదు.

వెల్డరు పలకలేదు. నోరు విప్పితే సుంకం కట్టాలేమో అన్నట్టుంటాడు ఆయన ఎప్పుడూ. కానీ ఈ మౌనం వేరు.

రెండేళ్ల క్రితం పెద్దోడి బండికి పంజరం కట్టింది ఆయనే. పై గొట్టం పైకప్పుకి ఆనుకుని ఉంటుంది. ఆ సందులోకి వెల్డింగు పుల్ల దూరదు. సరిగ్గా చేయాలంటే పంజరం కాళ్ల కింద నేలరేకుకి కంతలు కోసి, దాన్ని జానెడు కిందికి దించి, పైన చుట్టూ అతికి, మళ్లీ ఎత్తి నిలబెట్టాలి. రెండు రోజుల పని. రేపే పందెమని పెద్దోడు తొందరపెట్టాడు. కనపడని చోటు ఎవడు చూడొచ్చాడని ఆయన కింది నుంచి మూడు వైపులే అతికి రంగు కొట్టేశాడు.

బండి రెండు పల్టీలు కొట్టింది. గొట్టం అక్కడే విడిపోయింది. పెద్దోడు దక్కలేదు. తుక్కు షెడ్డుకి చేరగానే ఆ ముక్కని ఎవరి కంటా పడకుండా కోసి పారేసింది కూడా ఆయనే. పంజరాలు ఒట్టి దండగని అందరూ అంటుంటే తేలు కుట్టిన దొంగలా కూచున్నాడు.

ఇప్పుడూ అలాగే కూచుంటే చిన్నోడు బోడి కప్పు కింద పందేనికి వెళ్తాడు.

ఆయన లేచి గ్రైండరు అందుకుని కారులోకి వంగాడు. నేలరేకు మీద నిప్పురవ్వలు లేచాయి.

"మావయ్యా! నేలెందుకు కోస్తున్నావు?"

"పంజరం దించాలి. పైన చుట్టూ అతకాలి."

"అన్నయ్య బండికి కొయ్యలేదుగా?"

గ్రైండరు ఆగింది. చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

"కొయ్యలేదు."

చెల్లెలు పీట మీంచి లేచింది. "కొయ్యకపోతే ఏమవుతుంది అన్నయ్యా?"

"పైన ఊడుతుంది."

"ఊడిందా?"

ఆయన చేతి తొడుగు తీశాడు, మళ్లీ తొడుక్కున్నాడు. "ఊడింది."

ఆవిడ ఏడవలేదు. కారు దాకా వచ్చి, కోసిన కంతలోంచి కింద మట్టిని చూసింది.

"చుట్టూ అతుకు," అంది. "ఒక్క వేలెడు కూడా వదలకు. అదయ్యాక నా గడప తొక్కకు."

వెళ్లిపోయింది. కారు లోపల చీకటిగా ఉంది. కాసేపటికి చిన్నోడు లైటు తెచ్చాడు.

"ఇటు పట్టాలా?" అన్నాడు. మావయ్యా అనలేదు.