చాయ్‌ల కరిగిన పేరు

నా చాయ్ గ్లాసు మీద ఒట్టు, ఇందుల నలుసంత అబద్ధం లేదు. ఉంటే రేపట్నుంచి నాకు ఉప్పు చాయే దొరకనీ.

మా ఊరు మోస్రాల పక్కింటి హన్మవ్వ పొద్దున లేవంగనే పెరట్లకు పోయి చెరుకుగడ విరిచేది. ఉన్న ఒక్క పన్నుతోటే నమిలేది. మతిమరుపు మనిషి. ఆమె మరిచిందల్లా ఆ చెరుకులకు దిగేది, నమిలితే తిరిగొచ్చేది. ఎంత మరిచిందో, గడలు మబ్బులకు గీసుకునేటియి. ఊళ్ళె అది ఎవ్వరికీ వింత గాదు. "అవ్వా, ఇయ్యాల ఏం యాదికొచ్చింది?" అని అడిగి తొవ్వన పోయేటోళ్ళు.

ఆమె మరిది కొడుకు నర్సింలుకు మాత్రం ఆమె పొలం మీద కన్ను. "పెద్దవ్వకు మతి పోయింది. పట్నం పిచ్చిదవాఖానల ఏసి పొలం నేను చూసుకుంట" అన్నడు. దానికి డాక్టరు రాసియ్యాలె. అందుకని, డాక్టరు ముంగట ఆమెకేదీ యాదికి రావద్దని, నీళ్లకు పోయిన యాళ్ల చూసి పెరడంతా నరికి, చక్కెర ఫ్యాక్టరీ బండికెత్తిండు. ఆ ఏడు బోధన్ తొవ్వల చెరుకు బండ్ల బారు ఎంతుండెనంటే, ముందు బండి ఎద్దు ముసలిదయ్యే నాటికి వెనక బండి ఎద్దు ఇంకా పుట్టలే.

హన్మవ్వ బిందె దించి బోడి పెరడు చూసింది. నా చెయ్యి పట్టుకొని, "అక్కా, నేనెవరి దాన్ని?" అన్నది. నవ్వించబోయి నేనే ఏడ్చిన.

ఆ చెరుకుతోటి చేసిన కొత్త చక్కెర దుకాణాలకు వచ్చినంక జీవరాజు డాక్టరు సైకిల్ మీద వచ్చిండు. చేతిల పట్నంల అచ్చయిన ప్రశ్నల కాగితం. ఏ ఊరి ముసలోళ్ళకైనా అదే కొలత, మార్కులు తక్కువైతే మతి పోయినట్టే.

"ఇయ్యాల తారీఖెంత అవ్వా? గడియారం బొమ్మ గీయి. వందలకెళ్ళి ఏడేడు తీసుకుంట రా."

ఫ్యాక్టరీ కూత విని పొద్దు తెలుసుకునే మనిషి, పెన్సిల్‌ను పుల్ల లెక్క చెవుల పెట్టుకోబోయింది.

"డాక్టర్ సాబ్, నాకూ ఒక్కటి రాదు. నన్ను గూడ పట్నం తోలు!" అన్న.

"కొలత నేను పెట్టింది గాదు అవ్వా" అన్నడు తల వంచుకొని. "హన్మవ్వా, మీ ఆయన పేరేంది?"

ఆమె బోడి పెరడు దిక్కు చూసింది. నేను అడ్డం పడ్డ. "మా కాడ ఆడోళ్ళు మొగని పేరు నోటికి తెస్తరా సాబ్?"

"చెప్తలేదా, యాదికి లేదా? నాకెట్ల తెలుస్తది?"

ఆమె చెప్తలేదో, మరిచిందో నిజానికి మాకూ తెల్వలే. సున్నా పెట్టబోయిండు.

చెరుకు ఊరి ఇజ్జత్ ఒకటున్నది. మేము బెల్లం చాయ్ తాగినా, ఇంటికొచ్చిన పెద్దమనిషికి చక్కెర చాయే పొయ్యాలె. నర్సింలు ఆ ఇజ్జత్‌కే పోయి, కంట్రోలు దుకాణంల పొట్లం తెచ్చి, మొత్తం గిన్నెల గుమ్మరించిండు.

డాక్టరు ఒక్క గుక్క తాగిండు. కలం ఆగింది.

"సాయన్నకు అల్లం ఎక్కువుంటేనే చాయ్ దిగుతుండె" అన్నడు. అని తనే ఉలిక్కిపడ్డడు. "సాయన్న ఎవరు?"

హన్మవ్వ మొగడే సాయన్న. ఆ పేరు చెవిన పడంగనే ఆమె చెయ్యి తనంతట తనే కొంగు నెత్తి మీదికి లాక్కున్నది. డాక్టరు అది చూసిండు. మిగిలిన చాయ్ సాసర్ల పోసి తన చేతులతోటి ఆమె నోటికి అందించిండు.

తాగింది. "కాలువల కొట్టుకపోయిండు గద... నేను గట్టు మీదనే ఉన్న" అని గుండె బాదుకున్నది. ఆ కన్నీళ్ళకు ఎండిన మడులు మూడూర్లవి తడిసినయి.

"ఇంత దుఃఖం యాదికున్న మనిషికి మతి లేదని నేనెట్ల రాయాలె?" డాక్టరు కాగితం మడిచి జేబుల పెట్టుకున్నడు. నర్సింలు ఖాళీ పొట్లం పట్టుకొని గోడకు ఒరిగిండు.

హన్మవ్వ తన ఇంట్లనే ఉన్నది. కానీ ఆ పొట్లంల సాయన్న ఒక్కడే ఉండె. తక్కిన చక్కెర నందిపేట్, నవీపేట్ దుకాణాలకు పోయింది. చిన్నప్పుడే పోయిన బిడ్డ మొకం ఇంకా దొరకలే. రోజూ నన్ను అడుగుతది, "బిడ్డ నల్లగుండెనా, తెల్లగుండెనా?" అని.

నువ్వు రేపు నవీపేట్ అంగడికి పోతున్నవ్ గద? ఇగో, ఈ డబ్బ తీస్కపో. ఇంటింటికీ పోయి చాయ్ అడుగు. ఏ ఇంట్ల తాగంగనే నీ కండ్లల్ల తెల్వని ఆడపిల్ల నవ్వుతదో, ఆ ఇంట్ల చెంచెడు చక్కెర అడుక్కొని రా. తొవ్వల నోట్లేసుకునేవ్, జాగ్రత్త.