కళ్ళు పెట్టని పిల్లి

పొద్దున్న లేవగానే నాంగ్ మొయ్ చేసే మొదటి పని, పులిసిన సోయాగింజల్ని దంచి, అప్పడాల్లా ఒత్తి, వెదురు తడికల మీద ఎండబెట్టడం. రెండో పని, మెట్ల కిందకి వంగి చూడటం.

"వచ్చిందా?" లోపల్నించి అమ్మ.

"రాలేదు."

"హు."

మూడేళ్ళుగా ఇదే.

ఆ ఊళ్ళో మగాడంటే నడుం నుంచి మోకాళ్ళ దాకా నల్లగా ఉండాలి. పులులో, పిల్లులో, కోతులో, ఏవో ఒకటి ఒత్తుగా పచ్చబొట్లు పొడిపించుకోవాలి. తెల్ల తొడలోడికి పిల్ల కాదుగదా, పిల్ల నీడ కూడా దొరకదు. మగాడు ఎక్కడో దూరాన చచ్చిపోతే ఆ జంతువులు కాళ్ళ మీంచి దిగి నడుచుకుంటూ వచ్చేస్తాయి. పోయేముందు ఏ ఇంటిని తల్చుకున్నాడో ఆ ఇంటికి. ఓసారి రెండు పులులు సంత మధ్యలోంచి వచ్చాయి. జనం కాస్త జరిగి దారిచ్చారు. బేరాలు మాత్రం ఆగలేదు.

జంతువొస్తేనే కర్మ చేస్తారు. అప్పటిదాకా మనిషి బతికున్నట్టే. అతని కోసం ఆగిన పిల్ల ఇంటి మెట్లు ఇంకో సంబంధం పేరుతో ఎవడూ ఎక్కకూడదు.

సాయ్ వాన్‌కి ఉన్నది ఒకటే పిల్లి.

అప్పట్లో సాయంత్రాలు ఆడపిల్లలు వరండాలో కూర్చుని నూలు వడుకుతుంటే కుర్రాళ్ళు కింద చేరేవాళ్ళు.

"మొయ్, మీ సోయా వాసన మూడూళ్ళకి కొడుతోంది. కళ్ళు మూసుకుని వచ్చేశా," అన్నాడు వాన్.

"కళ్ళు తెరిచి నీ తొడలు చూసుకో. మా గుంటలో కప్పక్కూడా అవే ఉన్నాయి."

అందరూ పగలబడి నవ్వారు. మర్నాడే వాన్, పచ్చబొట్లు పొడిచే టున్ తాత దగ్గరికెళ్ళాడు. తాత నల్లమందు మింగించాడు. నలుగురు అదిమి పట్టుకున్నారు. అయినా మొదటి పిల్లికి కళ్ళు పొడవబోయేసరికి కెవ్వుమని లేచి పొలాలకి అడ్డంపడి ఒకటే పరుగు.

"ఒరే సన్నాసీ! గుడ్డిదిరా అది! కళ్ళు పెట్టనీరా!" తాత సూది పట్టుకుని గట్టు దాకా వెంటపడ్డాడు.

"ఒంటిపిల్లి మగాడొచ్చాడండోయ్," అంది మొయ్ ఆ సాయంత్రం. అంటూనే కదురు కింద పడేసింది. పిల్ల పడేసిన కదురు కుర్రాడు తీసిస్తే ఇక మాట ఖాయమే. వాన్ తీసిచ్చాడు.

"కోతలయ్యాక కళ్ళు పెట్టించుకుంటా, ఒట్టు."

కోతలకి ముందే సైనికులొచ్చారు. మూటలు మొయ్యడానికి వాన్‌తో కలిపి పదకొండుమందిని తోలుకుపోయారు. పదిమంది జంతువులూ ఆ ఏడాదే తిరిగొచ్చాయి.

"నా కొడుకు బతికే ఉన్నాడు," అనేది వాన్ వాళ్ళమ్మ.

"గుడ్డిది కదమ్మా, దారెలా తెలుస్తుంది," అని గొణిగేవాడు టున్ తాత. దానికామె చెవులు మూసుకునేది.

కంచరగాడిదల వ్యాపారి ఖూన్ ఇద్దరు పెళ్ళాల్ని కాటికి పంపినవాడు. సంతలో మొయ్ అమ్మ కనిపిస్తే చాలు, "పిన్నీ, ఆ పిల్లి వచ్చిందా?" అనేవాడు, మేకని ఎప్పుడు కోస్తారని అడిగినట్టు. అమ్మ మాట కూడా ఇచ్చేసింది, పిల్లి రాగానే మొయ్‌ని ఇస్తానని.

వానలు వెనకబట్టిన ఒక పొద్దున, మొయ్ నిప్పుల మీద సోయా అప్పడం కాలుస్తుంటే మెట్ల మీద గీకుడు. పిల్లి. మసి గీతంత పల్చన. స్తంభానికి గుద్దుకుంది, పక్కకి జరిగి మళ్ళీ గుద్దుకుంది. ముక్కు ఎగరేసుకుంటూ, వాసన పట్టుకుని వస్తోంది.

అప్పడం మాడిపోయింది.

"వచ్చిందా?" లోపల్నించి అమ్మ.

మొయ్ లుంగీ తొడ దాకా లాక్కుంది. పిల్లి ఆమె పాదం వాసన చూసింది. పిక్క మీదుగా పాకి తొడ మీద ముడుచుకుని, చర్మంలోకి దిగింది. ఒకేసారి వెయ్యి సూదులు. లుంగీ అంచు నోట్లో కుక్కుకుంది. వాన్ ఎందుకు పరిగెత్తాడో అప్పుడర్థమైంది.

ఆమె మాత్రం పరిగెత్తలేదు.

"రాలేదమ్మా."

"హు."

ఏటి దగ్గర వాన్ వాళ్ళమ్మ బట్టలుతుకుతోంది. "మీ ఇంటిక్కూడా రాలేదుగా?"

"రాలేదత్తా."

"నాకు తెలుసు!" ముసలావిడ మొహం విప్పారింది. "వాడికో చొక్కా నేస్తున్నా. చేతులు పొడుగు పెట్టాలంటావా?"

"పెట్టత్తా."

ఇక వాన్‌కి కర్మ లేదు, భిక్షువుల మంత్రం లేదు, వేరే జన్మ లేదు. ఖూన్ మెట్లెక్కడు. మొయ్ ఇంకెవర్నీ పెళ్ళాడదు.

రోజూ సాయంత్రం వాన్ వాళ్ళమ్మ కొడుకు కోసం వేడన్నం గిన్నె గుమ్మంలో పెడుతుంది. ఆ వాసన సందు దాటి ఇక్కడికొస్తుంది. తొడ మీద పిల్లి తలెత్తుతుంది. దిగిపోతానని, అటు పోతానని, గోళ్ళతో గీరుతుంది.

మొయ్ లుంగీ మీంచే అరచెయ్యి గట్టిగా అదిమి పెడుతుంది, అన్నం చల్లారేదాకా.